క్రోమ్ మీద పెయింట్ ఎందుకు ఊడుతుంది, ఎలా నిలుస్తుంది

పాత కారు బంపర్ మీద తుప్పు చుక్కలు లేచాయనుకోండి. మళ్లీ క్రోమ్ పూత వేయిద్దామంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. నల్ల రంగు కొట్టేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. కొట్టిన కొత్తలో చూడముచ్చటగానే ఉంటుంది. కొన్నాళ్లకు ఎక్కడో చిన్న రాయి తగులుతుంది. అక్కడ గోటితో గీరితే పెయింట్ పొడిగా రాలదు, పొరకు పొర లేచి వస్తుంది. దాని కింద క్రోమ్ అప్పుడే తుడిచినట్టు తళతళలాడుతూ ఉంటుంది.

అందరూ ముందు పెయింట్‌నే తిడతారు. ఈసారి ఇంకా ఖరీదైనది తెచ్చి కొడతారు, అదీ అలాగే ఊడుతుంది. నిజానికి ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పెయింట్ క్రోమ్‌ను పట్టుకోకపోవడం ఒకటి. ఆ క్రోమే తన కింది లోహాన్ని వదిలేస్తూ ఉండటం రెండోది. మొదటిదానికి గరుకు చేయడం మందు. రెండోదానికి ఆ మందు పనిచేయదు. ఎంత గరుకు చేసి ఎంత మంచి పెయింట్ కొట్టినా, కింద వదులైన పూత ఊడితే దాంతోపాటే పెయింటూ ఊడుతుంది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే మిగతా పనంతా తేలికగా అర్థమవుతుంది.

క్రోమ్ కింద ఏముంది

మనం క్రోమ్ అని పిలిచేది ఒక్క పొర కాదు. మంచి పాత బంపర్‌లో అడుగున ఉక్కు, దాని మీద చాలాసార్లు రాగి, ఆ పైన నికెల్, అన్నిటికంటే పైన క్రోమియం ఉంటాయి. వీటి మందాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నికెల్ పొర 20 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉండొచ్చు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పైనున్న క్రోమియం సాధారణంగా 0.25 నుంచి 0.5 మైక్రాన్లే. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, దానిలో నూరో వంతు కంటే తక్కువే అన్నమాట. అద్దంలాంటి ఆ మెరుపులో ఎక్కువ భాగం నునుపుగా పాలిష్ అయిన నికెల్‌దే. నికెల్‌ను అలాగే వదిలేస్తే పసుపు తిరిగి మసకబారుతుంది. అలా కాకుండా కాపాడటం, దానికి కాస్త నీలి ఛాయ ఇవ్వడం క్రోమియం చేసే పని.

ఇంత పలచని పొర కాబట్టి అందులో కంటికి కనపడని పగుళ్లు, సూది రంధ్రాలు ఉండకుండా పోవు. తేమ, ఉప్పు వాటిలోంచే లోపలికి దిగుతాయి. క్రోమియం మీద ఉండే ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది, దెబ్బ నికెల్ మీద పడుతుంది. రంధ్రం కింద నికెల్ తినుకుపోయి, చివరికి ఉక్కు దాకా దారి ఏర్పడుతుంది. అప్పుడు పైన తుప్పు చుక్క కనిపిస్తుంది. చుక్క పైకి ఆవగింజంత ఉన్నా కింద పెసరగింజంత మేర పూత పట్టు వదిలేసి ఉంటుంది. కనిపించే తుప్పును మాత్రమే తుడిచి పెయింట్ వేయకూడదు అనేది అందుకే.

క్రోమ్ పూత కార్ల మీదకు వచ్చింది 1920ల రెండో సగంలో. అంతకు ముందు మెరిసే భాగాలకు నికెల్ వేసేవారు. మెరిసే పట్టీలకు పెయింట్ వేయడం మాత్రం ఎప్పుడూ నామోషీ పని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్, క్రోమియం, రాగి సైన్యానికి అవసరమవడంతో 1942 మోడల్ అమెరికన్ కార్లలో కొన్ని, బంపర్లు మినహా మిగతా ట్రిమ్ (మెరిసే పట్టీలు, బ్యాడ్జీల లాంటి అలంకార భాగాలు) అంతటికీ పెయింట్ వేసుకుని ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాయి. వాటిని ‘బ్లాకౌట్’ కార్లు అంటారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో అక్కడ మామూలు జనానికి కార్ల తయారీయే ఆగిపోయింది. కొరియా యుద్ధ కాలంలో నికెల్ కొరత మళ్లీ వచ్చింది. ఆ సంవత్సరాల కార్ల క్రోమ్ త్వరగా పాడవడానికి ఆ కొరతే కారణం. చవక రకం ఫోక్స్‌వాగన్ బీటిల్‌కు బంపర్లు, హెడ్‌లైట్ రింగులు పెయింట్‌తోనే వచ్చేవి. కాబట్టి పెయింట్ వేసిన ట్రిమ్ చూసి ఎవరైనా ముఖం చిట్లిస్తే వాళ్లకు చెప్పడానికి మన దగ్గర చరిత్ర ఉంది.

పెయింట్ దేన్ని పట్టుకుంటుంది

పెయింట్ ఒక ఉపరితలం మీద నిలవడానికి రెండు దారులున్నాయి. గరుకులో, గీతల్లో దిగి గట్టిపడటం ఒక దారి. ఆ ఉపరితలంతో రసాయనికంగా బంధం కలుపుకోవడం ఇంకోటి. క్రోమియం ఈ రెండు దారులనూ మూసేస్తుంది. అద్దంలా నునుపు కాబట్టి దిగడానికి గీతలు లేవు. దాని మీద కొన్ని నానోమీటర్ల మందం ఉన్న ఆక్సైడ్ పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది చాలా మొండిది, గీరిన మరుక్షణం గాలిలోని ఆక్సిజన్‌తో మళ్లీ తయారవుతుంది. క్రోమ్ తుప్పు పట్టకుండా ఉండటానికీ, పెయింట్ పట్టకుండా ఉండటానికీ కారణం ఆ ఒక్క పొరే.

ఎచ్ ప్రైమర్ గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది దానితోనే. ప్రైమర్ అంటే రంగు కింద వేసే పట్టు పొర. ఎచ్ ప్రైమర్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. అది ఉక్కు, జింకు, అల్యూమినియం లాంటి లోహాలను పైపైన కొరికి పట్టు సంపాదిస్తుంది. క్రోమియం ఆక్సైడ్ ఆ ఆమ్లానికి లొంగదు. ‘లోహానికి ప్రత్యేకం’ అని డబ్బా మీద రాసి ఉండొచ్చు గాక, మెరిసే క్రోమ్ మీద నేరుగా కొడితే దాని గొప్పతనం ఏమీ కనపడదు. పైగా ఎచ్ ప్రైమర్ మీద ఎపాక్సీ ప్రైమర్ గానీ, పాలియెస్టర్ లప్పం గానీ వేయొద్దని చాలామంది తయారీదారులు చెబుతారు. ప్రైమర్‌లో మిగిలిన ఆమ్లం, పైన వేసిన దాన్ని సరిగా గట్టిపడనివ్వదు.

క్రోమ్ మీద నా ఓటు గరుకు చేసిన ఉపరితలానికి, దాని మీద రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్‌కు. రుద్దే క్రమంలో ఎక్కడో ఒకచోట నికెల్, ఇంకోచోట రాగి, మరోచోట ఉక్కు బయటపడక తప్పదు. శుభ్రంగా, గరుకుగా ఉంటే ఎపాక్సీ వీటన్నిటినీ పట్టుకుంటుంది, తేమనూ బాగా ఆపుతుంది.

ముందు అది క్రోమేనా చూడండి

పాత కారు మీద మెరిసే ప్రతిదీ క్రోమ్ కాదు. బంపర్లు, హబ్ క్యాప్‌లు ఎక్కువగా పూత వేసిన ఉక్కు. కిటికీల చుట్టూ, తలుపుల పక్కన ఉండే పొడుగాటి పట్టీలు చాలాసార్లు స్టెయిన్‌లెస్ స్టీలు, లేదా ఆనోడైజ్ చేసిన అల్యూమినియం. తలుపు పిడులు, బ్యాడ్జీలు, లైట్ల చుట్టూ ఉండే బరువైన చట్రాలు జింకు మిశ్రమంతో పోత పోసి, పైన క్రోమ్ వేసినవి. 1960ల నుంచి క్రోమ్ పూత వేసిన ఏబీఎస్ ప్లాస్టిక్ కూడా వచ్చింది.

ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. గట్టిగా అంటుకుంటే అది ఉక్కు కావొచ్చు. అయితే ట్రిమ్‌కు వాడే స్టెయిన్‌లెస్‌లో కొన్ని రకాలకూ అయస్కాంతం అంటుకుంటుంది, కాబట్టి అంతటితో తేల్చేయకూడదు. పట్టీని తిప్పి వెనకవైపు చూడండి. ముందూ వెనకా ఒకే లోహం, తుప్పు జాడ లేకుండా ఉంటే స్టెయిన్‌లెస్. వెనక తుప్పు ఉంటే పూత వేసిన ఉక్కు. అయస్కాంతం అంటనిది చేతిలో తేలిగ్గా ఉంటే అల్యూమినియం, సైజుకు మించిన బరువు ఉంటే జింకు పోత. జింకుకు ఇంకో గుర్తు కూడా ఉంది. దాని మీద ఎర్ర తుప్పు రాదు. చిన్న చిన్న పొక్కులు లేస్తాయి, వాటిని పొడిస్తే తెల్లటి పొడి రాలుతుంది.

ఇంత జాగ్రత్తగా చూడమనడానికి కారణం ఉంది. స్టెయిన్‌లెస్ పట్టీకి పూతే లేదు, లోపలిదాకా అదే లోహం. సొట్టలు నెమ్మదిగా తీసి, గీతలు రుద్ది, పాలిష్ పడితే కొత్తదానిలా మెరుస్తుంది. దాన్ని గరుకు చేసి పెయింట్ కొట్టడం బంగారంలాంటి వస్తువును చెడగొట్టుకోవడమే. క్రోమ్ కూడా ఒక్కోసారి పైన మురికి పట్టి మసకబారుతుందే తప్ప పూత బాగానే ఉంటుంది. మెత్తటి గుడ్డ, మెటల్ పాలిష్‌తో ఒక మూల రుద్ది చూసి, మెరుపు తిరిగొస్తే పెయింట్ ఆలోచనే మానుకోండి. దొరకని అసలు భాగాలైతే ముందు వినైల్ (జిగురున్న పలచటి ప్లాస్టిక్ పొర) చుట్టి చూడటం మేలు. నచ్చకపోతే వినైల్‌ను ఒలిచేయొచ్చు, రుద్దిన క్రోమ్‌ను వెనక్కి తేలేం.

శుభ్రం, ఆ తర్వాతే గరుకు

ట్రిమ్‌ను బండి మీద ఉంచి పెయింట్ వేయడం కంటే విప్పి వేయడమే మంచిది. అంచుల వెనక, క్లిప్పుల కింద ఉన్న చోటే తుప్పు మొదలవుతుంది, అక్కడే పెయింట్ పొర మొదట లేస్తుంది. బ్యాడ్జీలు జిగురుతో అంటించి ఉంటే చేపల గాలానికి వాడే దారం వెనక నుంచి పెట్టి అటూ ఇటూ లాగితే బాడీకి గీత పడకుండా వస్తాయి. క్లిప్పులు ఎక్కడెక్కడివో ఫోటో తీసుకోండి.

ఏళ్ల తరబడి ఆ క్రోమ్ మీద వ్యాక్స్, సిలికాన్ పాలిష్ రుద్ది ఉంటారు. ముందు ఎమెరీ పేపర్ పట్టుకుంటే ఆ సిలికాన్‌ను గీతల్లోకి కూరినట్టే. తర్వాత పెయింట్ కొట్టినప్పుడు చేపకన్నుల్లాంటి గుండ్రటి గుంటలు పడతాయి. కాబట్టి మొదట సబ్బు నీళ్లతో కడగాలి. ఆరాక వ్యాక్స్, జిడ్డు తీసే ద్రావకం వాడాలి. దానికి రెండు గుడ్డలు ఉండాలి. ఒకదానితో తడిపి, అది ఆరకముందే రెండోదానితో తుడిచేయాలి. ఆరనిస్తే కరిగిన జిడ్డు ఉన్నచోటే మళ్లీ కూర్చుంటుంది.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. శుభ్రమైన నీళ్లు దాని మీద పోసి, ఏటవాలుగా పట్టుకుని చూడండి. నీరు చెదరకుండా పలచటి పొరలా పరుచుకుంటే జిడ్డు లేనట్టు. ఎక్కడైనా పొర చీలి, నీరు ముడుచుకుని బొట్లుగా మారితే అక్కడ ఇంకా ఏదో ఉంది. గరుకు చేశాక ఈ పరీక్ష మళ్లీ చేయండి. మొదటిసారి కనపడనిది రెండోసారి బయటపడుతుంది. అప్పటి నుంచి ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, వేలిముద్రల జిడ్డు చాలు పని చెడగొట్టడానికి.

ఇక రుద్దడం. క్రోమియం మామూలు ఉక్కు కంటే చాలా గట్టిది. బాడీ పెయింట్ మీద రెండు నిమిషాల్లో అయ్యే పని దీని మీద ఎంతకీ తెమలదు. 180 నంబరు ఎమెరీ పేపర్‌తో మొదలుపెట్టి, ఇంకా సన్నటి 320 దగ్గర ఆపితే ప్రైమర్‌కు కావలసిన గీతలు పడతాయి. పేపర్ త్వరగా అరిగిపోతుంది, మొహమాటపడకుండా మార్చేయండి. అరిగిన పేపర్ గీతలు పెట్టదు, ఉన్నదాన్నే ఇంకాస్త పాలిష్ చేస్తుంది. మూలల్లో, అక్షరాల మధ్య పేపర్ దూరని చోట ముదురు ఎరుపు రంగు స్కాచ్-బ్రైట్ లాంటి పీచు ప్యాడ్ పనికొస్తుంది. బంపర్ మొత్తానికి ఆ ప్యాడ్ ఒక్కటే సరిపెట్టడం మాత్రం నాకు నచ్చదు, అది వేసే గీతల లోతు చాలదు.

ఎక్కడ ఆపాలి? ముక్కను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. అంతా ఒకేలా బూడిద రంగులో, మసగ్గా కనిపించాలి. మిణుకుమనే చోటు ఒక్కటి మిగిలినా పెయింట్ ఊడటం అక్కడి నుంచే మొదలవుతుంది. రుద్దుతూ ఉంటే రంగు కూడా కబురు చెబుతుంది. కాస్త పసుపు ఛాయ కనిపిస్తే క్రోమియం పోయి నికెల్ వచ్చింది. ఎర్రగా కనిపిస్తే రాగి, ముదురు బూడిదైతే ఉక్కు. ఇవి కనపడ్డాయని కంగారుపడక్కర్లేదు. నికెల్ క్రోమియం కంటే మెత్తన, దాని మీద గీతలు బాగా పడతాయి.

తుప్పు చుక్క దగ్గర ఆగాల్సిన చోటు

పనంతా నిలబడేదీ, పాడయ్యేదీ ఇక్కడే. తుప్పు చుక్క చుట్టూ రుద్దితే పూతకు ఒక అంచు బయటపడుతుంది. పదునైన బ్లేడు మొనను ఆ అంచు కిందకు పెట్టి పైకి లేపడానికి ప్రయత్నించండి. రేకులా లేస్తే దాన్ని అక్కడికక్కడ ఒలిచేసి, ఇంకాస్త ముందుకు వెళ్లి మళ్లీ ప్రయత్నించండి. బ్లేడు ఎంత నొక్కినా లేవని అంచు దొరికేదాకా ఇలా వెళుతూనే ఉండాలి. చిన్న చుక్క అనుకున్నది ఒక్కోసారి అరచేతి వెడల్పు అవుతుంది. బాధగానే ఉంటుంది, కానీ ఆ వదులు పూత పెయింట్ కింద ఉండిపోతే వచ్చే వానాకాలానికల్లా పొక్కులు లేవడం ఖాయం.

గట్టి అంచు దొరికాక దాన్ని ఏటవాలుగా అరగదీయాలి. వేలు పెట్టి రాస్తే మెట్టు తగలకూడదు. మెట్టు ఉంటే పెయింట్ మీద గీతలా కనపడుతుంది, అక్కడే పొర పలచబడుతుంది కూడా.

ఉక్కులో పడ్డ గుంటల అడుగున నల్లటి తుప్పు మిగిలి ఉంటుంది. పేపర్ అక్కడికి చేరదు. సన్నటి ఇసుకలాంటి రేణువులను గాలితో చిమ్మే బ్లాస్టింగ్ దీనికి సరైన దారి, క్రోమ్‌ను గరుకు చేయడానికి కూడా అది బాగా పనికొస్తుంది. అది కుదరకపోతే వైరు బ్రష్‌తో వీలైనంత తీసి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు రాసి, తర్వాత బాగా కడిగి ఆరబెట్టాలి. ఆమ్లం మిగిలితే ఎపాక్సీకి పడదని ఇంతకుముందే చెప్పుకున్నాం. బయటపడ్డ ఉక్కు మీద గంటల్లోనే కొత్త తుప్పు ఛాయ వస్తుంది, కాబట్టి ప్రైమర్ ఆరోజే పడాలి.

జింకు పోత భాగాలకు ఆమ్లం జోలికి పోవద్దు, అది లోహాన్నే తినేస్తుంది. పొక్కులను విప్పి, తెల్ల పొడి పోయి శుభ్రమైన లోహం కనిపించేదాకా చిన్న గుండ్రటి బిట్‌తో తవ్వి, ప్రైమర్ మీద ఎపాక్సీ ఫిల్లర్‌తో నింపుకోవాలి. వీటికి పౌడర్ కోటింగ్ వేయిద్దామని కూడా చాలామందికి ఆలోచన వస్తుంది. పౌడర్‌ను సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. పోతలో చిక్కుకున్న గాలి ఆ వేడికి వ్యాకోచించి పొక్కులు తెస్తుంది. ప్లాస్టిక్ ముక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. స్ప్రింగు ఉక్కుతో చేసిన క్లిప్పులను కూడా ఆమ్లంలో ముంచకండి. ఆమ్లంలో పుట్టే హైడ్రోజన్ లోపలికి దూరి వాటిని పెళుసు చేస్తుంది, బిగించేటప్పుడు పుటుక్కున విరుగుతాయి.

ఊపిరితిత్తుల సంగతి

క్రోమ్ అనగానే క్యాన్సర్ భయం వినిపిస్తుంది. ఆ భయం ఎక్కడ నిజమో తెలియాలి. క్యాన్సర్ కారకం హెక్సావలెంట్ క్రోమియం. ప్లేటింగ్ తొట్టెల్లోని క్రోమిక్ ఆమ్లంలో ఉండేది అదే. బంపర్ మీదున్న మెరిసే పూత మాత్రం లోహ రూపంలోని క్రోమియం, దాన్ని ముట్టుకుంటే ఏమీ కాదు. క్రోమ్ తీసేయడానికి ఇంట్లో కాస్టిక్ సోడా ద్రావణంలో కరెంటు పెట్టే పద్ధతి ఉంది చూశారా, అది లోహ క్రోమియాన్ని హెక్సావలెంట్‌గా మారుస్తుంది. దయచేసి ఆ పని ఇంట్లో చేయొద్దు, ఆ నీళ్లను ఎక్కడా పారబోయొద్దు. మొత్తం పూత తీయాలంటే ప్లేటింగ్ పని చేసేవాళ్లకే ఇవ్వండి. వాళ్ల దగ్గర ఆ వ్యర్థాలను శుద్ధి చేసే ఏర్పాటు ఉందో లేదో అడిగి మరీ ఇవ్వండి.

రుద్దేటప్పుడు లేచే క్రోమియం, నికెల్ దుమ్ము కూడా పీల్చదగ్గది కాదు, నికెల్ కొందరి చర్మానికి పడదు. వాటర్ పేపర్‌తో తడిగా రుద్దితే దుమ్ము లేవదు. చేతి తొడుగులు, దుమ్మును ఆపే సరైన మాస్కు ఉండాలి. ఉక్కు బయటపడ్డ చోట తడిగా రుద్దాక వెంటనే వేడి గాలితో ఆరబెట్టండి.

హార్డెనర్ కలిపే 2కె పెయింట్ల విషయం ఇంతకంటే సీరియస్. వాటి హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఆస్తమా తెప్పించగలవు, ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత చాలా తక్కువ మోతాదు కూడా ఊపిరి ఆడనివ్వదు. దుమ్ముకు పెట్టుకునే మాస్కు వీటికి పనిచేయదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు, సరైన బూత్ లేకపోతే ఆ దశను పెయింట్ షాపుకు వదిలేయండి. గరుకు చేసే పని మీరు శ్రద్ధగా చేసి ఇస్తే వాళ్ల పని సగం అయినట్టే.

ప్రైమర్ నుంచి బిగింపు దాకా

ఎపాక్సీ ప్రైమర్‌ను డబ్బా మీద చెప్పిన నిష్పత్తిలోనే కలపాలి, కంటి కొలతలు వద్దు. కొన్నిటిని కలిపాక కాసేపు అలా ఉంచి వాడాలి. రెండు పలచటి కోట్లు చాలు. దాని మీద తర్వాతి పొర ఎప్పటిలోగా వేయాలో కూడా తయారీదారే చెబుతాడు. ఆ గడువులోగా వేస్తే రెండు పొరలూ రసాయనికంగా కలిసిపోతాయి. గడువు దాటితే మళ్లీ గరుకు చేసి వేయాల్సిందే.

గుంటలు పూడ్చే లప్పం ఎపాక్సీ మీద వేసుకోవచ్చు. ఆ పైన మందంగా పట్టే 2కె ప్రైమర్ కొట్టి, 400 నుంచి 600 నంబరు పేపర్‌తో చదును చేస్తే రంగుకు సిద్ధం. అక్కడి నుంచి బేస్ కోటు (రంగు పొర), క్లియర్ కోటు (దాని మీద రంగులేని పొర) బాడీకి ఎలా వేస్తారో దీనికీ అంతే. బ్యాడ్జీల మీద మాత్రం చేయి తేలిగ్గా ఉండాలి, నాలుగు కోట్లు పడేసరికి సన్నటి అక్షరాలు పూడుకుపోతాయి.

క్రోమ్‌లాగే మెరిసే పెయింట్లూ దొరుకుతాయి. అవి నిజంగా మెరవాలంటే కింద మచ్చలేని, నిగనిగలాడే నల్లటి పొర ఉండాలి, వాటిని చాలా పలచగా కొట్టాలి. రక్షణ కోసం మీద క్లియర్ వేయగానే మెరుపు వెండి రంగులోకి దిగిపోతుంది, వేయకపోతే చేతులు తగిలి చెదిరిపోతుంది. బంపర్ లాంటి దెబ్బలు తినే భాగానికి నేనైతే వాటిని ఎంచుకోను. బాడీ రంగు గానీ, సాటిన్ నలుపు గానీ అందంగానూ ఉంటుంది, చిన్న గీత పడితే సరిచేసుకోవడమూ సులువు.

మొదటి భాగం మీద పెట్టే ముందు పనికిరాని పాత క్రోమ్ ముక్క ఒకటి తీసుకుని, ఇదే వరసలో అంతా చేసి చూడండి. పూర్తిగా గట్టిపడ్డాక బ్లేడుతో గళ్లు గళ్లుగా, లోహం తగిలేదాకా కోసి, దాని మీద గట్టి టేపు అంటించి ఒక్క ఊపున లాగండి. గళ్లు ఎక్కడివక్కడ నిలిస్తే మీ పద్ధతి సరైందే. టేపుతో లేచి వస్తే ఆ రేకు వెనకవైపు చూడండి. వెనక ప్రైమర్ మాత్రమే కనిపించి కింద క్రోమ్ మెరుస్తుంటే శుభ్రంలోనో, గరుకులోనో లోపం ఉంది. రేకుకు మెరిసే లోహం అంటుకుని వస్తే పూతే వదులైందని అర్థం, తుప్పు దగ్గర ఇంకా ముందుకు వెళ్లి ఉండాల్సింది.

చేతికి అంటడం లేదంటే పెయింట్ లోపల కూడా గట్టిపడిందని కాదు. తొందరపడి బిగిస్తే బోల్టుల కింద పొర నలిగి, తేమకు మొదటి దారి అక్కడే దొరుకుతుంది. తయారీదారు చెప్పిన గడువు పూర్తిగా ఆగండి. బోల్టు తలల కింద నైలాన్ వాషర్లు వేయండి. విరిగిన, తుప్పు పట్టిన క్లిప్పులు మార్చేయండి. పాత బంపర్ల వెనకవైపు పూత చాలా పలచగా ఉంటుంది, లోపలి మడతల్లో బురద, నీరు చేరేదీ అక్కడే. కాబట్టి వెనకవైపును కూడా శుభ్రం చేసి, ఎపాక్సీ కొట్టి, మడతల్లోకి తుప్పును ఆపే వ్యాక్స్ చిమ్మి, నీరు జారే రంధ్రాలు పూడుకుపోలేదని చూసుకున్నాకే బంపర్‌ను బండికి ఎక్కించండి.